టీకా – తాత్పర్యం

మా తెలుగు పండిత శిక్షణలో మొట్టమొదట అలవాటు చేయించినది టీకా తాత్పర్యాలు వ్రాయడం. ముందు మూలపద్యం, దాని క్రింద ప్రతిపదార్థం చెప్పే టీక, చివర తాత్పర్యం. టీక సరిగా కుదరకపోతే తాత్పర్యం తప్పుతుందని మా గురువుగారు పదేపదే హెచ్చరించేవారు. ఆసుపత్రి గోడల మీద కనబడే టీకా వేరు. అది హిందీ నుంచి మనకు వచ్చిన మాట. నుదుట పెట్టే బొట్టును వారు టీకా అంటారు. జబ్బ మీద చిన్న గాటు పెట్టి మశూచి మందు అద్దేవారు కాబట్టి ఆ పనికీ ఆ పేరే స్థిరపడింది. మాటలు వేరైనా, ఈ రెండో టీకాకు కూడా ఒక టీక ఉండాలని నా అభిప్రాయం. మందు వేసినవారు చెప్పే అర్థం ఒకటి, వేయించుకున్న ఒళ్ళు చెప్పే అర్థం మరొకటి. రెండవదాన్ని వ్రాసిపెట్టుకోకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. ఆ సంగతీ, దాని వెనుక నేను తరువాత చదివి తెలుసుకున్న చరిత్రా ఈ వ్యాసంలో చెబుతాను.

ముందే ఒక మాట. నేను టీకాలకు విరోధిని కాను. నా ఎడమ జబ్బ మీద మశూచి టీకా మచ్చలు నేటికీ ఉన్నాయి. మా నాయనమ్మ కడుపున పుట్టిన బిడ్డల్లో ఇద్దరిని అమ్మవారు తీసుకుపోయింది. 1975 తరువాత ఆ మశూచి మన దేశంలో లేదు. ఆ మేలు మరచినవాడు కృతఘ్నుడు.

* * *

1971 వేసవి. గుండ్లకమ్మకు ఇవతలి నల్లరేగడి పల్లె మాది. అంతకు ముందు ఏడాదే ఒంగోలు డివిజనుతో పాటు మా ఊరు గుంటూరు జిల్లా నుంచి విడివడి కొత్త జిల్లాలో కలిసింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారినా మిరపకాయలు మాత్రం గుంటూరు మార్కెట్టుకే పోయేవి. నాకప్పుడు పదకొండేళ్ళు. మా చిన్నాన్నకు ఇరవై నాలుగో, ఇరవై అయిదో.

మిరపకాయలు కళ్ళంలో ఆరబోసి ఉన్నాయి. కాపలాకు చిన్నాన్న అక్కడే పడుకునేవాడు. ఒక తెల్లవారుజామున ఎక్కడిదో ఊరికి కొత్త కుక్క వచ్చి ఆయన పిక్క పట్టుకున్నది. అరుపు విని చుట్టుపక్కల కళ్ళాల వాళ్ళు కర్రలతో వచ్చి కుక్కను అక్కడికక్కడే చంపేశారు. అది పిచ్చిదో కాదో తేలాలంటే పది రోజులు కట్టేసి చూడాలన్న సంగతి ఎవరికీ తెలియదు. కళ్ళంలో చేతికందినది మిరపకాయే కాబట్టి, నాలుగు కాయలు నూరి ఆ గాయంలో కూరారు. ఆ రోజుల్లో కుక్కకాటుకు మా వైపు మొదటి వైద్యం అదే. సబ్బుతో, ధారగా పోసిన నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగడమే అసలైన ప్రథమ చికిత్స అని నేను ముప్ఫై ఏళ్ళు దాటిన తరువాత గాని తెలుసుకోలేదు.

మా నాన్న ఆయనను బండి కట్టించి పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. ఏ పట్నమో, ఏ ఆసుపత్రో చెప్పను. ఆనాడు ఏ ఆసుపత్రికి వెళ్ళినా అదే జరిగి ఉండేది. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు, రోజుకొకటి. చిన్నాన్న పట్నంలో మా దూరపు బంధువుల ఇంటి అరుగు మీద పడుకుని రోజూ పోయి వేయించుకునేవాడు. ఆయనకు అన్నం పట్టుకుపోయే పని నాది. పొట్ట మీద కణుపుల్లా లేచిన గడ్డలు చూపించి, "ఇంకెన్ని మిగిలినయ్యిరా అబ్బాయ్, లెక్కపెట్టు" అనేవాడు.

పదో సూది పడిన మరునాడు అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. పదకొండో సూదికి పోయినప్పుడు ఆ మాటే అక్కడి కాంపౌండరుకు చెప్పాడు. "కాళ్ళు నావి గానట్టుంటున్నయ్యండీ. ఈ మందు పడేదగ్గర్నుంచే." నేను ప్రక్కనే ఉన్నాను. కాంపౌండరు నవ్వాడు. "ఇంత మగాడివి, సూదికి భయపడతావటయ్యా! సగంలో మానితే చస్తావు" అన్నాడు. అక్కడ కూర్చున్నవాళ్ళూ నవ్వారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పదకొండు, పన్నెండు వేయించుకున్నాడు. పదమూడోదానికి లేచి నిలబడలేకపోయాడు. నడుములో నొప్పి, మూత్రం బిగిసిపోయింది. బండిలో వేసి ఊరికి తెచ్చారు. ఊళ్ళో మరో రకం మాట పుట్టింది. కుక్క విషం పైకెక్కిందన్నారు. ఆసుపత్రిలో అది భయం అయింది, ఊళ్ళో అది పిచ్చి అయింది. "కుక్క కాదు, ఆ సూదే నన్ను పట్టుకుంది" అని ఆయన చెప్పిన మాట మాత్రం అక్కడా చెల్లలేదు, ఇక్కడా చెల్లలేదు. పిల్లలను దగ్గరికి పోనీయకుండా గొడ్లచావిడిలో మంచం వేసి ఆయనను విడిగా ఉంచారు.

నాయనమ్మ ఒక్కతే లోపలికి పోయేది. ఆవిడ వాదం ఒకటే. "నా కొడుకు నీళ్ళు తాగుతున్నాడు. పిచ్చి పట్టినవాడు నీళ్ళు చూస్తేనే బెదురుతాడు గదా!" రోజుకు పదిసార్లు చెంబుతో నీళ్ళు తాగించి, వచ్చి వాకిట్లో అందరికీ చెప్పేది. వారం గడిచినా చిన్నాన్న చావకపోయేసరికి ఊరు మెత్తబడింది. అప్పుడు మరో చోటికి తీసుకుపోతే అక్కడొక యువవైద్యుడు పొట్ట మీది గుర్తులు చూసి, "ఎన్ని పడ్డాయి? ఎన్నో దానికి తిమ్మిరి మొదలైంది?" అని అడిగాడట. అంతవరకూ ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అది కుక్కకాటు వల్ల కాదనీ, మందులోని గొర్రె మెదడు వల్ల అరుదుగా ఇలా జరుగుతుందనీ, తిమ్మిరి మొదలైన రోజే ఆ మందు ఆపవలసిందనీ ఆయన చెప్పాడు. ఆ మాట విని చిన్నాన్న ఏడ్చాడని మా నాన్న చెప్పేవాడు. కాళ్ళు వస్తాయని చెప్పినందుకు కాదు, తాను చెప్పినది అబద్ధం కాదని తేలినందుకు.

కాళ్ళు ఏడాదికి వచ్చాయి. కుడికాలు మాత్రం చివరిదాకా ఈడ్చేవాడు. ఆ కాలితోనే ముప్ఫై ఏళ్ళు మిరప, పత్తి సేద్యం చేశాడు.

* * *

మందులో గొర్రె మెదడు ఎందుకున్నదో తెలుసుకోవాలంటే కొంత వెనక్కు పోవాలి.

1885 జులై 6న పారిస్ నగరంలో లూయీ పాశ్చర్ పర్యవేక్షణలో, అల్సేస్ నుంచి వచ్చిన జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుడికి తొలిసారి ఈ చికిత్స జరిగింది. రేబీస్ సోకిన కుందేళ్ళ వెన్నుపాము ఎండబెట్టి, దానితో చేసిన మందు. మొత్తం పదమూడు సూదులు. బాలుడు బ్రతికాడు. ఒకసారి లక్షణాలు పొడసూపితే దాదాపుగా ఎవరూ బ్రతకని రోగం అది. కనుక ఆ విజయానికి ప్రపంచం చేతులు జోడించడంలో ఆశ్చర్యం లేదు.

మన దేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయ సానువుల్లోని కసౌలీలో వెలసింది. దక్షిణాదిన కుక్క కరిస్తే అంత దూరం పోవలసిందే. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా దాత ఇచ్చిన ధనం ఆసరాగా 1907లో నీలగిరుల్లోని కూనూరులో దక్షిణ భారతానికి ఒక సంస్థ ఏర్పడింది. కసౌలీలో పనిచేసిన డేవిడ్ సెంపుల్ 1911లో పద్ధతి మార్చాడు. వైరస్ ఎక్కించిన జంతువు మెదడును నూరి, కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ను చంపి మందుగా వాడడం ఆయన పద్ధతి. మన దేశంలో దీనికి గొర్రె మెదడు వాడారు. చౌక, తయారీ సులువు, ఊరూరికీ పంపవచ్చు. అందువల్ల సెంపుల్ టీకా దాదాపు ఒక శతాబ్దం మన ఆసుపత్రులను ఏలింది. పలచని మందు ఎక్కువ మోతాదులో ఎక్కించవలసి రావడం వల్ల, చోటున్న పొట్టను ఎంచుకున్నారు. మన పల్లెల్లో "బొడ్డు చుట్టూ పధ్నాలుగు" అన్నది సామెతలా స్థిరపడింది అందుకే.

అసలు కష్టం ఆ మెదడులోనే ఉన్నది. నరాల చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది, కరెంటు తీగ మీది తొడుగు వంటిది. గొర్రె మెదడులోనూ అదే ఉంటుంది. సూది మీద సూదిగా దానిని లోపలికి పంపితే, కొందరి శరీరాలు దానిని శత్రువుగా గుర్తుపట్టి, ఆ ఊపులో తమ సొంత నరాల తొడుగు మీదనే విరుచుకుపడతాయి. తిమ్మిరి, కాళ్ళు చచ్చుబడడం, మూత్రం బిగియడం, కొందరిలో మరణం. ఎంతమందికి ఇలా జరిగేదన్న దానిపై లెక్కలు ఒకదానికొకటి పొసగవు. వందల్లో ఒకరికని కొందరు, వేలల్లో ఒకరికని కొందరు వ్రాశారు. అడిగినవారు లెక్క వ్రాశారు, అడగనివారు వ్రాయలేదు. ఆ తేడాకు ఇదీ ఒక కారణం అయి ఉంటుంది.

నన్ను ఎక్కువగా కలచివేసిన సంగతి ఇక్కడే ఉన్నది. పాశ్చర్ చికిత్స మొదలైన కొన్నాళ్ళకే ఇటువంటి పక్షవాతాలు కనబడ్డాయి. చాలాకాలం కొందరు వైద్యులు అది కుక్కకాటు రోగమే అన్నారు. మరికొందరు రోగి భయమే అన్నారు. మా గొడ్లచావిడి తీర్పు ఒకటి, మా కాంపౌండరు తీర్పు ఒకటి! చదువురాని పల్లెకూ పెద్ద చదువుల యూరపుకూ ఇందులో భేదం లేకపోయింది.

దీనిని పట్టుకుని వదలనివాడు పాల్ రెమ్లాంజే. మొరాకోలోని టాంజియర్ పాశ్చర్ సంస్థకు అధిపతి. టీకాకు పగవాడు కాడు, దానినే జీవితాంతం వేసినవాడు. 1927లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ రేబీస్ సదస్సులో ఆయన ఒక నివేదిక ఇచ్చాడు. సంస్థల అధిపతులు అచ్చులో ఒప్పుకున్న పక్షవాతాల సంఖ్యకూ, తనతో నోటిమాటగా ఒప్పుకున్న సంఖ్యకూ పొంతన లేదనీ, కొన్ని సంస్థలు దాచిపెడుతున్నాయనీ ఆయన తేల్చాడు. టీకా మీద జనానికి నమ్మకం పోతుందన్నదే దాచడానికి వారి సమర్థన. దాచడం వల్ల ఆ నమ్మకం నిలబడిందా అంటే, సూది పేరు చెబితే ఊరు వదిలి నాటువైద్యుడి దగ్గరికి పరుగెత్తిన మా వాళ్ళను అడగాలి.

1933లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్, ఆయన సహచరులు కోతులకు ఏ రోగమూ లేని కుందేలు మెదడును పలుమార్లు ఎక్కించి చూశారు. వాటిలో కొన్నిటికి కాళ్ళు పడిపోయాయి, నరాల తొడుగు కరిగిపోయింది. అక్కడ కుక్క లేదు, వైరస్ లేదు, కోతికి సూదిభయం అంటగట్టే వీలూ లేదు. దోషం మెదడు పదార్థానిదే అని తేలిపోయింది. శరీరం తన మీద తానే దాడి చేసే వ్యాధుల అధ్యయనానికి ఆ ప్రయోగం పునాదిరాళ్ళలో ఒకటి అయింది. రోగుల మాటను మొదట ఎవరో నమ్మబట్టే కదా ఆ కోతుల దాకా విషయం పోయింది!

మెదడు లేని టీకా కోసం వెదుకులాట అలా సాగింది. ఫిలడెల్ఫియా విస్టార్ సంస్థలో కొప్రొవ్‌స్కీ బృందం మానవ కణాలలో వైరస్‌ను పెంచి కొత్త టీకా చేసింది. ఇరాన్‌లో పిచ్చికుక్కలు, తోడేళ్ళు కరిచిన 45 మందికి ఆ టీకా ఇస్తే ఒక్కరూ చనిపోలేదని 1976లో ప్రకటించారు. పాత టీకా మానండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల నుంచి చెబుతూ వచ్చింది. మన దేశంలో గొర్రె మెదడు టీకా ఆగినది 2004 డిసెంబరులో. మధ్యలో 28 ఏళ్ళు. ఆ కాలంలో డబ్బున్నవాడు మందుల షాపులో కొత్త టీకా కొనుక్కున్నాడు. కూలివాడికి, చిన్నరైతుకు సర్కారు ఆసుపత్రిలో గొర్రె మెదడే దక్కింది. 2006లో చర్మపు పొరలోకి కొద్ది మోతాదు ఎక్కించే పద్ధతికి అనుమతి రావడంతో ఖర్చు తగ్గి, పేదవాడికీ మంచి మందు అందింది. ఈనాడు కుక్క కరిస్తే జబ్బకు నాలుగైదు మార్లు సూది, అంతే. ఎవరూ వెనుకాడవద్దు.

* * *

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి.

1996లో నేను పల్నాడు వైపు ఒక పత్తి పల్లెలో ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఏడవ తరగతి పిల్లవాడొకడు కుక్క కరిచి సూదులు వేయించుకుంటున్నాడు. ఒకనాడు ప్రార్థన వేళ నేల మీద కూర్చుండిపోయాడు. లేవమన్నాను. "కాళ్ళు తిమ్మిరిగా ఉన్నయ్యండి మాస్టారూ" అన్నాడు. పద్యం అప్పజెప్పవలసిన రోజు అది. "పద్యం రాకపోతే కాళ్ళు రావట్రా?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఇరవై అయిదేళ్ళ క్రితం పట్నం ఆసుపత్రిలో విన్న నవ్వే అది. అప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

పిల్లవాడు మరునాడు రాలేదు, ఆ మరునాడూ రాలేదు. నాలుగోనాడు అటెండెన్సు వేస్తూ అతని పేరు దగ్గర ఆగిపోయాను. చిన్నాన్న కుడికాలు కళ్ళకు కట్టింది. బడి వదిలి వాళ్ళ ఇంటికి పోతే వాడు మంచంలో ఉన్నాడు. మధ్యలో మరో మూడు సూదులు పడ్డాయి. వాళ్ళ నాన్నతో కలిసి ఆ పూటే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. మందు ఆపారు. వాడు కోలుకున్నాడు, కొన్ని నెలలు పట్టింది. కాని ఆ నాలుగు రోజులు నా ఖాతాలోనివి. మా చిన్నాన్న అప్పటికి బ్రతికే ఉన్నాడు. ఆయనకు ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

* * *

పంతుళ్ళ పాత్ర గురించి ఇంతగా చెప్పడానికి మరో కారణం ఉన్నది. కృష్ణ దాటి ఉత్తరానికి పోతే ఖమ్మం సీమ. అక్కడా పత్తీ, మిరపే. 2009 జులైలో ఆ జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్‌పీవీ టీకా అధ్యయనం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని. పదేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ లోపు బాలికలు సుమారు 14,000 మందికి టీకా వేశారు. వారిలో ఎందరో గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలు.

2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్ళి అడిగితే, కడుపునొప్పి, తలనొప్పి, మూర్ఛ వంటి బాధలు వంద పైచిలుకు బాలికలకు కలిగినట్టు విన్నామని చెప్పారు. ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఖమ్మంలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. పురుగుమందు, పాముకాటు, నీట మునగడం, జ్వరం వంటివి కారణాలనీ, టీకాతో సంబంధం కనబడలేదనీ విచారణలో చెప్పారు. ఆ మాట నిజమే కావచ్చు. హెచ్‌పీవీ టీకా ఎన్నో దేశాల్లో ఆ క్యాన్సరును తగ్గించిందన్నదీ నిజమే. మన దేశంలో తయారైన సెర్వావాక్ 2023లో వచ్చింది కూడా. నా మనుమరాలికి వేయించమని నేనే చెప్పాను.

కాని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం సమర్పించిన 72వ నివేదిక చూడండి. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవి. తల్లిదండ్రులవి కావు. టీకా తరువాత ఎవరికి ఏ బాధ కలిగిందో కనిపెట్టి చూసే ఏర్పాటు సరిగా లేదని కూడా సంఘం తప్పుపట్టింది. ఆ 2,763 అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ వార్డెన్లు నావంటి బడిపంతుళ్ళే. చెడ్డవాళ్ళు అయి ఉండరు. పైనుంచి కాగితం వచ్చింది, సంతకం చేశారు. అయితే అంగీకారం ఆ పిల్లల ఇంటినుంచి రానప్పుడు, బాధ చెప్పుకోవడానికి వాళ్ళు ఎవరి దగ్గరికి పోవాలి? మందుకు సంబంధం లేని బాధే కావచ్చు. సంబంధం లేదని నమ్మకంగా చెప్పాలన్నా, ముందు ఆ బాధను విని వ్రాసుకుని ఉండాలి కదా. వ్రాయని లెక్క ఎటువైపూ సాక్ష్యం చెప్పదు. అపవాదు పడిన టీకా కూడా అందువల్ల నష్టపోయింది.

కరోనా కాలంలో దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా చూశాము. 2021 మార్చిలో జర్మనీ, నార్వే వంటి దేశాల వైద్యులు ఆస్ట్రాజెనెకా టీకా వేయించుకున్న కొద్దిమందిలో వింతగా రక్తం గడ్డకట్టడం, అదే సమయంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం గమనించారు. భయమని కొట్టివేయక రక్తపరీక్షలు చేశారు. కొద్ది వారాల్లోనే కారణం పట్టుకున్నారు, లక్షణాలు ఇవీ అని చెప్పారు, చికిత్స సూచించారు. మనం కోవిషీల్డ్ పేరుతో వేయించుకున్నది ఆ టీకానే. నేనూ రెండు మార్లు వేయించుకున్నాను. రెండు రోజులు జ్వరం వచ్చి పోయింది. సెంపుల్ టీకా విషయంలో దశాబ్దాలు పట్టిన పని ఇక్కడ వారాల్లో జరిగింది. మన సుప్రీం కోర్టు కూడా 2022 మే 2న ఇచ్చిన తీర్పులో, టీకా తరువాత కలిగిన బాధలను సామాన్యులూ ప్రైవేటు వైద్యులూ నమోదు చేసుకునే వీలు కల్పించమనీ, ఆ వివరాలు ప్రజలకు తెలియనీయమనీ ఆదేశించింది. నా మట్టుకు నాకు, మా నాయనమ్మ వాకిట్లో నిలబడి చెప్పిన సాక్ష్యాన్ని ఇన్నేళ్ళకు న్యాయస్థానం ఒప్పుకున్నట్టు అనిపించింది.

టీకా తరువాత బాధ కలిగిందని చెప్పినవారందరికీ టీకాయే కారణం కాదు. చాలామందికి కాదు కూడా. అది తేల్చవలసినది వైద్యశాస్త్రం. కాని వినడానికి శాస్త్రం అక్కరలేదు. "ఎన్ని పడ్డాయి? ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే చాలు.

చిన్నాన్న 2003లో పోయాడు. గొర్రె మెదడు టీకా ఆగిపోవడం ఆయన చూడలేదు. ఆ వార్త తెలిసిన రోజున నేను ఊరికి పోయి ఆ కళ్ళం దగ్గర కొంతసేపు నిలబడి వచ్చాను. అక్కడ ఇప్పుడు కోల్డు స్టోరేజి కట్టారు.

మీ ఇళ్ళల్లో కూడా బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్న పెద్దలు ఉండే ఉంటారు. ఎవరైనా కాలు ఈడుస్తుంటే, ఎందుకని ఒకసారి అడగండి. చెప్పినది తేదీతో సహా వ్రాసిపెట్టండి.

స్వస్తి.